అద్దాల పెట్టెలో మా నాయన బల్లెం

హైదరాబాదు పోయొచ్చిన వాళ్ళు చార్మినారు గురించి చెబుతారు, బిర్యానీ గురించి చెబుతారు. చార్మినారు నేను చూడలేదు. నగరం నడిబొడ్డున ఒక పాత పోస్టాఫీసు ఉంది, దాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. నేను చూసింది అదొక్కటే. మాచర్లలో బయలుదేరి మూడో రోజు సాయంత్రానికి ఇల్లు చేరాం, నేనూ మా తమ్ముడు కోటయ్యా. ఎందుకెళ్ళారని అడిగిన వాళ్ళకి ఇన్నాళ్ళూ ఏదో ఒక ముక్క చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ మొత్తం చెబుతాను.

కోటయ్య కూతురు శిరీష అక్కడ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే పనిలో ఉంది. ఆ పిల్ల ఓ ఆదివారం స్నేహితురాళ్ళతో ఆ మ్యూజియానికి పోయి నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. అద్దాల పెట్టెలో బల్లెం. “అత్తా, తాత పట్టుకుని తిరిగింది ఇట్టాంటిదేనా?” అని వాయిస్ పెట్టింది.

వేళ్ళతో ఫొటోని పెద్దది చేశాను. బల్లెం మెడకి వరసగా నాలుగు ఇత్తడి గజ్జెలు, గుండ్రంగా ఉన్నాయి. అయిదోది గజ్జె కాదు. దూడ మెడలో కట్టే చిరుగంట. ఇట్టాంటిది కాదు, అదే. ఆ గంట కట్టింది నేను.

మా నాయన పరుగు

మా నాయన పిచ్చయ్య టపా రన్నరు. మా ఊళ్ళో పోస్టాఫీసు ఉండేది. అక్కడి నుంచి కొండ అవతలి ఊళ్ళకి ఏడు మైళ్ళు, భుజాన ఉత్తరాల సంచి, చేతిలో బల్లెం. ఆ దారిలో అప్పట్లో బస్సు లేదు. ఎలుగులూ చిరుతలూ ఉండేవి. గజ్జెల చప్పుడుకి అవి పక్కకు తొలిగేవి, మనుషులేమో దగ్గరకొచ్చేవాళ్ళు. పొలాల్లో పని ఆపి గట్టెక్కి, మాకేమన్నా ఉందా పిచ్చయ్యా అని అడిగేవాళ్ళు. అప్పుడు మేమున్న ఊరి పేరు చెప్పను. ఇప్పుడా పోస్టాఫీసులో ఉన్నవాళ్ళకి ఈ సంగతితో సంబంధం లేదు.

బల్లెం సర్కారుది. దాన్ని ఇంటికి తీసుకుపోకూడదు. సాయంత్రం సంచి అప్పగించి, బల్లేన్ని ఆఫీసు తలుపు వెనక ఆనించి రావాలి. ఒకసారి వాగు దాటుతుంటే ఒక గజ్జె ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది. నాయనకి ఆ పూట అన్నం సయించలేదు. మా దూడ చచ్చిపోయి అప్పటికి నెల. దాని మెడగంట వసారాలో మేకుకి వేలాడుతోంది. మర్నాడు నేను దాన్ని పట్టుకుపోయి, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, మోటారు రాగితీగతో బల్లెం మెడకి ఏడు చుట్లు చుట్టి కట్టాను. పరుగులో అరచెయ్యి గీసుకుంటుందని తీగ కొసలు లోపలికి మడిచాను. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఆ ఏడాదే ఒక పొద్దున తలుపు వెనక బల్లెం లేదు. నిన్న సాయంత్రం పిచ్చయ్య దాన్ని అప్పగించనే లేదని పోస్టుమాస్టరు గారు అన్నారు. పాత ఇనుముకి అమ్ముకున్నాడని ఊళ్ళో ఎవరో అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. పెద్దలు కూర్చున్నారు. కోటప్పకొండకు పోయి స్వామి పేరు మీద కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి, పై వాళ్ళకి మేం చెప్పుకుంటాం అన్నారు. మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకి మా వైపు కాగితం కంటే విలువ. నాయన తల వంచుకుని ఒకటే అన్నాడు.

“అయిదు నెలలు ఆగండి.”

జనం నవ్వారు. ఈ అయిదు నెలల్లో ఇంకో బల్లెం చేయించుకొస్తాడేమో అన్నారు. “నిజమున్నోడైతే చెయ్యి ఎందుకు వెనక్కి తీస్తాడు?” అన్నాడు ఒక పెద్దాయన. ఆ మాట ఊళ్ళో పాతుకుపోయింది. పై అధికారి అయిదు నెలలు ఆగలేదు. నాయన ఉద్యోగం తీసేసి, ఆ పని పోస్టుమాస్టరు గారి పాలేరుకి ఇచ్చారు. వాడు సంచి మోసింది తక్కువ, ఆయన మిరపచేలో పని చేసింది ఎక్కువ. అందులో మాకప్పుడు ఏమీ తోచలేదు.

నాయన ఎందుకు ఆగమన్నాడో నాకు తెలుసు. అది తర్వాత చెబుతాను. చెప్పాల్సిన మనిషికి నేను చెప్పింది కూడా చానా ఆలస్యంగానే.

ఆ తర్వాత నాయన క్వారీలో నాపరాళ్ళు ఎత్తాడు. ఆ దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. పోయినరోజు పోస్టుమాస్టరు గారు వచ్చి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఎంత పెద్ద మనసో అని ఊరంతా అనుకుంది. నేను ఆయనకి దణ్ణం కూడా పెట్టాను.

మాచర్లలో

కోటయ్య ఆ గొడవ జరిగిన తర్వాత పుట్టినవాడు. బళ్ళో వాణ్ణి ఎవరూ కోటయ్య అనలేదు. ఒరేయ్ బల్లెం అంటే పలకాలి, లేకపోతే తన్నాలి. వాడు తన్నేవాడు. అయిదో తరగతిలో బడి మానేసి క్వారీకి పోయాడు. నాయన పక్కనే రాళ్ళెత్తాడు కానీ, నాయనతో కలిసి సద్ది తినలేదు. ఆ పట్టుదల నాయన పోయేదాకా పట్టాడు.

ఫొటో చూపించినప్పుడు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత ఫోను నా ఒళ్ళో పడేశాడు.

“దొరికిందన్నమాట. ఎవడికి అమ్మాడో కూడా అక్కడ రాసే ఉంటదిలే.”

“అదే చూసొద్దాం పదరా,” అన్నాను.

“నిజమున్నోడైతే ఆనాడే కర్పూరం ఆర్పి వచ్చేవాడు. నువ్వు పో. నేను రాను.”

రానన్నవాడు తెల్లారేసరికి గడ్డం గీసుకుని బస్టాండులో నాకంటే ముందు నిలబడ్డాడు. కోడలు బిస్కెట్లు అడిగిందట. కోటయ్య కొడుకు పెళ్ళయిన నాలుగేళ్ళకి ఇప్పుడు కోడలికి నాలుగో నెల. హైదరాబాదులో టీతో తినే ఉప్పుతీపి బిస్కెట్లు తినాలనుందంట ఆ పిల్లకి. అందుకే వస్తున్నానని వాడు నాకు రెండుసార్లు చెప్పాడు.

కృష్ణ దాటాక

మా వైపు బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. సాగర్ దాకా దర్జాగా కూర్చుని పోయాను. కోటయ్య డబ్బులిస్తుంటే, మగపుట్టుక పుట్టినందుకు కట్టు అన్నాను. ఆనకట్ట దాటి అవతలి బస్సెక్కి, అదే దర్జాతో ఆధార్ కార్డు చూపించాను. కండక్టరు కార్డుని తిప్పి చూసి, ఇది ఆంధ్రాది, ఇక్కడ చెల్లదమ్మా అన్నాడు. ఏటికి అటో మాట ఇటో మాట. ఇప్పుడు నువ్వూ మగపుట్టుకే, కట్టు అన్నట్టు కోటయ్య నా వైపు చూసి నవ్వాడు. ఈ మూడు రోజుల్లో వాడు నవ్వింది ఆ ఒక్కసారే.

పెద్దవూర దగ్గర ఒక ముసలమ్మ సీతాఫలాల గంపతో ఎక్కి నా పక్కన కూలబడింది. ఊరేది, కులమేది, పిల్లలెందరు, అన్నీ అడిగింది. యాడికి పోతున్నరు అంటే, పోస్టాఫీసు చూడ్డానికి అన్నాను.

“మీ ఊళ్ళ పోస్టాఫీసు లేదా?”

“ఉంది.”

“మరి గదేం పాపం జేసింది?”

నేను మూటలోంచి జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి తీసి పెట్టాను. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు కార్చింది. మీ ఆంధ్రోళ్ళు నోట్ల నిప్పెట్టుకుని తిరుగుతరు అంది. దిగేటప్పుడు రెండు సీతాఫలాలు నా ఒళ్ళో వేసింది. డబ్బులిస్తే చెయ్యి విదిలించింది. మల్లేపల్లిలో టిఫినుకి దిగితే, ఇడ్లీలోకి మా వైపు ఇచ్చే కారప్పొడి లేదు. సాంబారు తియ్యగా ఉంది. అంత తీపి మేం చంటిపిల్లల మందులో వేస్తాం.

నగరంలో మొదటి పూట

శిరీష వచ్చి మమ్మల్ని గదికి తీసుకుపోయింది. గది అంటే మంచం వేశాక మిగిలిన జాగా. ముగ్గురం ఎట్లా పడుకున్నామో చెప్పను. సాయంత్రం ఇరానీ టీ తాగించింది. పాతిక రూపాయలు. పాతిక రూపాయల టీలో సగం నురగే. మాచర్లలో ఆ డబ్బుకి ఇద్దరం తాగి, మూడోవాణ్ణి పిలుస్తాం. బిస్కెట్లు మాత్రం బాగున్నాయి. కోటయ్య మూడు పొట్లాలు కొని, కండువాలో చుట్టి, గుడ్డసంచిలో అడుగున పెట్టాడు. నలగకూడదని ఆ సంచి ఎవరికీ ఇవ్వలేదు. బస్సుల్లో కూడా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

నగరంలో జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకోరు. మా ఊళ్ళో కొత్త మనిషి వీధిలోకి వస్తే నాలుగు గడపలు ఎవరింటికి అని అడుగుతాయి. ఇక్కడ నేను రోడ్డు మధ్యలో చెప్పు తెగి నిలబడిపోతే, కార్లు నన్ను రాయికి మల్లే పక్కకు తప్పించుకుని పోయాయి. మిగతా దూరమంతా తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను. మర్నాడు మ్యూజియానికి శిరీష చెప్పులు వేసుకుని పోయాను. అవి నా కాళ్ళకి పొట్టి, మడమలు బయటే ఉన్నాయి.

పాత పోస్టాఫీసు

రాతి కట్టడం. ఎత్తు తలుపులు, ఎర్రటేకు బల్లలు, ఇత్తడి కటకటాలు. లోపలికి అడుగుపెట్టగానే లక్క వాసనా పాత కాగితాల వాసనా కలిసి ముక్కుకు తగిలింది. సాయంత్రాలు మా నాయన చొక్కా ఆ వాసనే వేసేది. తూకపు త్రాసులు, ముద్రలు, తంతి కొట్టే యంత్రాలు, రాజుల బొమ్మల స్టాంపులు వరసగా పెట్టారు. ఇటు ఒక బల్ల మీద, ఫొటో ఇస్తే మన మొహంతో స్టాంపు వేసిస్తారట. శిరీష సరదాపడి, అత్తా తాత ఫొటో ఉంటే వేయిద్దాం అంది. మా నాయనకి ఫొటో లేదు.

నడిమి హాల్లో రన్నరు బొమ్మ నిలబెట్టారు. మనిషంత ఎత్తు, తలపాగా, చేతిలో చెక్క బల్లెం. పిక్కలు పహిల్వానుకి మల్లే ఉన్నాయి. బడిపిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మా నాయన కాళ్ళు ఎండిన కందికట్టె మాదిరి ఉండేవి.

ఆ బొమ్మ వెనక గోడవార ఉంది అద్దాల పెట్టె.

నేను దగ్గరకు పోయి మోకాళ్ళ మీద వంగాను. అయిదోది మా దూడగంటే. రాగితీగ నల్లబడింది. చుట్లు లెక్కపెట్టాను, ఏడు. కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. కర్ర మీద నాయన చెయ్యి పట్టుకునే చోట నున్నగా అరిగి, ఇంకా మెరుస్తోంది.

పెట్టె కింద బోర్డుంది. నేను చదివింది మూడో తరగతి, అంత చిన్న అక్షరాలు కూడబలుక్కునే ఓపిక అప్పుడు లేదు. శిరీష చదివింది. పల్నాడు అడవి దారుల్లో టపా చేరవేసిన బల్లెం. తమ తండ్రిగారి జ్ఞాపకార్థం కుమారులు బహూకరించినది. ఆ తండ్రిగారి పేరు ఇంటిపేరుతో సహా ఉంది, కింద ఆయన ఉద్యోగం కూడా రాశారు. మా పోస్టుమాస్టరు గారు.

శిరీషకి ఆ పేరు తెలియదు. కోటయ్యకి తెలుసు. “మళ్ళీ చదువమ్మా,” అన్నాడు. మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించుకున్నాడు. అప్పుడు వాడి మొహం చూడలేక నేను బల్లెం వైపే చూస్తూ ఉన్నాను. అమ్మినవాడు లేడు, కొన్నవాడు లేడు. బల్లెం పోస్టుమాస్టరు గారి ఇల్లు దాటలేదు. పాలేరుని ఉద్యోగంలో పెట్టుకోవడానికి మా నాయనని అందులోంచి తీశారు. ఇంతే. ఇంత చిన్న సంగతి.

ఆ కొడుకులు అబద్ధం చెప్పారని నేను అనను. తండ్రి పోయాక అటకెక్కి ఉంటారు, బల్లెం దొరికి ఉంటుంది, తమ నాయన ఎంత కష్టపడ్డాడో అనుకుని ఉంటారు. వాళ్ళ నాయన మీద వాళ్ళకంత నమ్మకం ఉంది. మా నాయన మీద మాకు అదే లేకపోయింది.

అద్దానికి చెయ్యి ఆనించానని అక్కడి మనిషి వచ్చాడు. ఖాకీ చొక్కా, పేరు సత్తయ్యట. పోస్ట్‌మ్యాన్‌గా చేసి దిగిపోయాక ఇక్కడ చూసుకుంటున్నాడు. జర దూరముండమ్మా అన్నవాడు, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ గంట నేను కట్టిందని చెప్పాను. తీగ కొసలు ఎటు మడిచానో కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, తల పంకించాడు.

“సోమారం సోమారం నేనే తుడుస్తనమ్మా దీన్ని. నాలుగు గల్లుమంటయి. ఒకటి టింగుమంటది. ఖరాబైందేమో అనుకున్న ఇన్నొద్దులు.”

యాభై ఏళ్ళు పైబడిన తర్వాత ఆ చప్పుడు గురించి నాకు చెప్పిన మనిషి ఆయనొక్కడే.

మేడం గారి గది

సత్తయ్య మమ్మల్ని పైన ఆఫీసరు మేడం దగ్గరకు తీసుకుపోయాడు. మర్యాద తెలిసిన మనిషి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, నేను చెప్పిందంతా విన్నది, కిందికి దిగొచ్చి ఫోను లైటు వేసి తీగ చుట్లు చూసింది కూడా. నమ్మింది. నమ్మినట్టు నాకు ఆమె కళ్ళలో కనిపించింది. కానీ బోర్డు మార్చాలంటే నమ్మకం చాలదంది. ఇచ్చినవాళ్ళు రాసిచ్చిన కాగితం తమ దగ్గరుందట. దాని మీద ఇంకో పేరు రాయాలంటే ఇంకో కాగితం కావాలి. మీ నాయనగారి ఉద్యోగం కాగితమో, తీసేసిన కాగితమో, ఏదో ఒకటి తెండమ్మా, నేను పైకి పంపుతాను అంది.

తీసేసిన కాగితం మా ఇంట్లో ఉండేది. ఫలానా పిచ్చయ్య ఫలానా బల్లెం పోగొట్టినందుకు అని, కింద ముద్ర. మా నాయన పేరూ ఆ బల్లెమూ కలిసి ఉన్న కాగితం లోకంలో అదొక్కటే. ట్రంకు పెట్టెలో అడుగున, గుడ్డలో చుట్టి మాయమ్మ పెట్టింది.

“ఉంది మేడం,” అన్నాను. “మా తమ్ముడి ఇంట్లో ఉంది. తెస్తాడు.”

కోటయ్య నేల చూస్తున్నాడు.

“లేదక్కా. నా పెళ్ళిచూపులకి వాళ్ళొచ్చే ముందురోజు పొయ్యిలో పెట్టా. వాళ్ళ కళ్ళబడితే పిల్లనివ్వరని.”

మేడం ఏదో రాసుకుంటున్నట్టు తల వంచేసింది. నాకు కోపం రాలేదు. తండ్రిని దొంగని చేసిన కాగితాన్ని ఏ కొడుకు దాచుకుంటాడు.

కిందికి వచ్చాక హాల్లో బల్ల మీద కూర్చున్నాం. శిరీషకి ల్యాబు నుంచి ఫోనొస్తే బయటకు పోయింది. కోటయ్య అద్దాల పెట్టె వైపు చూస్తూ, నాకు కాదు, ఎవరికో చెబుతున్నట్టు అడిగాడు.

“బల్లెం తియ్యనోడు, ప్రమాణం ఎందుకు చెయ్యలా? చేసుంటే ఈ గోలంతా ఉండేదా?”

అప్పుడు చెప్పాను. నా తర్వాత మాయమ్మకి రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి కడుపుతో ఉందన్న సంగతి దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు. పెద్దలు కూర్చున్ననాటికి అమ్మకి నాలుగో నెల. మా ఇళ్ళలో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఆ ఇంటి మగవాడు కొబ్బరికాయ కొట్టడు, కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యడు. నిజప్రమాణమైనా సరే, ఆర్పిన దీపం కడుపులో బిడ్డకి తగులుతుందంటారు. నాయన ఆ సంగతి పదిమందిలో చెప్పలేక, అయిదు నెలలు ఆగండి అన్నాడు. బిడ్డ పుట్టి పురుడు వెళ్ళాక, ఎవరూ పిలవకుండా, ఒక్కడే కోటప్పకొండ దాకా నడిచిపోయి కర్పూరం ఆర్పి వచ్చాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మ ఆ చెయ్యి చూసి, “ఇప్పుడు ఎవరడిగారని?” అంది. ఆ బిడ్డకే కోటయ్య అని పేరు పెట్టుకున్నారు.

వాడి మూలాన ఉద్యోగం పోయిందని వాడికి చెప్పొద్దే, మనసు విరిగిపోద్ది అని అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. అమ్మ పోయాక అయినా చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నాకూ నమ్మకం చాలలేదు. సాక్షి లేకుండా చేసిన ప్రమాణం ఎవడైనా చేస్తాడు అనుకున్నాను. నా పెళ్ళప్పుడు ఒకసారి, నాయనా నిజంగా నువ్వు అమ్మలేదా అని అడిగాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి బయటకు పోయాడు. కూతురు కూడా అడిగాక ఇంక చెప్పేదేముంది.

కోటయ్య అంతా విని, “పక్కన కూర్చుని సద్ది కూడా తినలా,” అన్నాడు. అంతే.

పోయేముందు సత్తయ్య ఒక పోస్టుకార్డు ఇచ్చి, ఉన్నదున్నట్టు రాసి ఇక్కడి డబ్బాలోనే వెయ్యమన్నాడు. ఈ డబ్బాలో వేసిన కార్డు ఊరంతా తిరిగి, ముద్రలేయించుకుని, రేపు మళ్ళీ తన చేతికే వస్తుందట. తనే మేడం బల్ల మీద పెడతానన్నాడు. కోటయ్య రాశాడు. “ఈ బల్లెం మా నాయన పిచ్చయ్యది. ఆయన దొంగ కాదు.” ఇంకేం రాయాలో వాడికి తెలియలేదు. కార్డులో ముప్పాతిక ఖాళీగానే పోయింది. ఈ రాత రాసేనాటికి దానికి జవాబు లేదు.

కోటప్పకొండ

మర్నాడు మాచర్ల బస్సు ఎక్కాల్సిన వాళ్ళం. కోటయ్య నన్ను నరసరావుపేట బస్సు ఎక్కించాడు. పిడుగురాళ్ళ దాకా వాడు బిస్కెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచే చూశాడు. సున్నపు బట్టీల దుమ్ముకి కిటికీ మూయమంటే కూడా వినిపించుకోలేదు.

కొండ మీద ఆ రోజు జనం పలచగా ఉన్నారు. తిరునాళ్ళకి ఇసకేస్తే రాలని చోటు, మేం పోయినప్పుడు కోతులే ఎక్కువ. గుడిలో ప్రమాణాలు చేయనివ్వం అని అయ్యగారు అన్నారు. అయితే బయట చేసుకుంటానని కోటయ్య మెట్ల పక్క కొట్లో కర్పూరం కొన్నాడు. కొట్టు నడిపే ఆమె బిళ్ళలు పొట్లం కడుతూ, ఏం మొక్కని అడిగింది. మొక్కు కాదు, ప్రమాణం అన్నాడు. ఆమె చూపు మారింది. పక్క కొట్టు ఆమెకి కూడా కంటితో చెప్పింది.

బిస్కెట్ల సంచి నా చేతికిచ్చాడు. మూడు రోజుల్లో దాన్ని ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం అదే మొదలు. రాతి మీద ఆకు వేసి కర్పూరం వెలిగించాడు. గాలికి ఆరిపోయింది. గాలి ఆర్పింది లెక్కలోకి రాదు. నేను కొంగు అడ్డం పట్టాను. రెండోసారి నిలబడి మండింది. వాడు కుడిచేతి చొక్కా పైకి మడుచుకుని, కళ్ళు మూసుకుని, “స్వామీ, మా నాయన పిచ్చయ్య...” అని అరచెయ్యి మంట మీదకు తెచ్చాడు.

తెచ్చి ఆపేశాడు. కళ్ళు తెరిచి నా చేతిలో సంచి వైపు చూశాడు.

“అక్కా. ఇంట్లో పిల్ల.”

కోడలి సంగతి నాకూ అప్పటిదాకా తట్టలేదు. ముందురోజు హాల్లో కూర్చుని ఆ ఆచారం గురించి అంతసేపు చెప్పింది నేనే. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్పూరం దానంతటది మండి మండి అయిపోయింది. రాయి మీద నల్లటి మచ్చ మిగిలింది. మేమిద్దరం అది ఆరేదాకా చూస్తూ నిలబడ్డాం.

వెనక కొట్లో ఆమె పక్కామెతో అంటోంది. గొంతు తగ్గించిందనుకుంది కానీ మాకు వినిపించింది.

“చూశావా? నిజమున్నోడైతే చెయ్యి ఎందుకు వెనక్కి తీస్తాడు?”

ఆ మాట కోటయ్య చిన్నప్పటి నుంచి నాయన మీద ఎన్నిసార్లు అన్నాడో నేను లెక్క చెప్పలేను. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆమెని చూశాడు. పోట్లాడతాడేమోనని భయపడ్డాను. వెనకటికి పెద్దల ముందు నాయన ఎట్లా తల వంచుకుని నిలబడ్డాడో, అచ్చం అట్లాగే నిలబడ్డాడు. వాడు నాయనని ఆ వాలకంలో చూడలేదు, అప్పటికింకా పుట్టలేదు. నేను చూశాను.

మెట్లు దిగుతుంటే సంచి నా దగ్గర నుంచి తీసుకుని, లోపల చెయ్యి పెట్టి పొట్లాలు నలగలేదని చూసుకున్నాడు.

“అయిదు నెలలు ఆగి వద్దామక్కా,” అన్నాడు.

అప్పుడు ఎవరడుగుతారని, అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది మాయమ్మ మాట. మింగేసి, వాడి వెనకే మెట్లు దిగాను.